అడగని పని

తెనాలిలో స్టేషనుకి వెళ్లే దారి పక్క సందులో ఒక కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. వర్షాకాలం సాయంత్రం ఒకటి, షాపు ముందు ఆటో ఆగింది. యాభై దాటిన మనిషి దిగాడు. పాత దుప్పట్లో చుట్టిన సీపీయూ, పదిహేడంగుళాల డబ్బా మానిటర్, ఒక లేజర్ ప్రింటర్ లోపలికి మోయించాడు.

"మా నాన్నగారివండీ. ఆయన పోయాక అటకెక్కించాం. ఆయన ఉన్నప్పుడు ఎలా పనిచేసేవో అలాగే పనిచెయ్యాలి."

మెకానిక్ కేబినెట్ పక్క రేకు విప్పాడు. పెంటియం 4, 865 చిప్‌సెట్ బోర్డు, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్‌డిస్క్. 2004 ప్రాంతంలో అసెంబుల్ చేయించినది. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము అట్టకట్టి ఉంది. బోర్డు మూల బొద్దింక గుడ్లున్నాయి.

"దీని మీద పెట్టే డబ్బుతో ఇంతకంటే మంచి సెకండ్ హ్యాండ్‌ది వస్తుంది సార్."

"నాకు మంచిది అక్కర్లేదు. ఇదే కావాలి."

"పోనీ బోర్డు మార్చి, కొత్త విండోస్ వేస్తాను."

"వద్దు. ఎక్స్‌పీయే ఉండాలి. వర్డ్ 2003 ఉండాలి. నాన్నగారు తెలుగులో టైపు చేసేవారు, ఆ తెలుగు రావాలి. ప్రింటర్ మీద కాగితం రావాలి."

"ఎక్స్‌పీకి కంపెనీవాళ్లు 2014 ఏప్రిల్ 8న సపోర్ట్ ఆపేశారు. నెట్‌కి కలిపితే ప్రమాదం."

"నెట్ వద్దు. అసలు కలపొద్దు."

మెకానిక్ ఆయన్ని ఇంకోసారి చూశాడు. ఆ షాపులో అందరూ ఫార్మాట్ కొట్టమనేవాళ్లే. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టమని అడిగినవాళ్లు లేరు. ఎంతవుతుందో చెప్పకుండానే, అడ్వాన్సు అడగకుండానే రశీదు రాసిచ్చాడు.

ఆ రాత్రి షట్టరు సగం దించి పని మొదలుపెట్టాడు. ముందు హార్డ్‌డిస్క్ ఊడదీసి వేరే మిషన్‌కి తగిలించి, అందులో ఉన్నదంతా ఇంకో డిస్కులోకి కాపీ తీసి ఉంచుకున్నాడు. అటక మీద ఏళ్లపాటు పడున్న డిస్కు ఏ క్షణాన తిరగడం మానేస్తుందో చెప్పలేం.

తర్వాత బోర్డు. ప్రాసెసర్ పక్కన వరుసగా ఉన్న కెపాసిటర్లలో నాలుగింటికి నెత్తి ఉబ్బింది. రెండు కారి గోధుమరంగు మరక కట్టాయి. అప్పట్లో తయారైన బోర్డులు చాలావాటికి ఇదే జబ్బు. బోర్డు మార్చేస్తే పని తేలిక. కానీ వేరే చిప్‌సెట్ బోర్డుకి పాత ఎక్స్‌పీ డిస్కు తగిలిస్తే విండోస్ పైకి రాకుండా నీలం తెర చూపించి ఆగిపోవచ్చు. అప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాలి. ఆ పెద్దాయన పెట్టుకున్న అమరికంతా పోతుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెలిసిన కుర్రాడికి ఫోన్ చేసి 105 డిగ్రీల వేడి తట్టుకునే కెపాసిటర్లు పార్సిల్ తెప్పించాడు. పాతవి పీకి, మైనస్ గీత చూసుకుంటూ కొత్తవి టంకం పెట్టాడు. ఎస్ఎంపీఎస్ మార్చాడు. హీట్‌సింక్ ఎత్తి, ఎండి పెళుసెక్కిన పేస్టు గీకి కొత్తది రాశాడు. ర్యామ్ కాంటాక్టులు పెన్సిల్ రబ్బరుతో తుడిచాడు. ప్రింటర్‌కి 12ఏ టోనర్ నింపి, కాగితం లాగే రోలరు అరిగితే మార్చాడు.

స్విచ్ వేస్తే బీప్ మని ఒక్క కూత వచ్చింది. తేదీ తప్పుందని తెర మీద హెచ్చరిక. సీమాస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. సీఆర్ 2032 బిళ్ల కొత్తది వేసి, ఆ రోజు తేదీ పెట్టాడు. ఆకుపచ్చ గుట్టా నీలాకాశమూ తెర మీదికి వచ్చాయి.

తెలుగు వస్తోందో లేదో చూడాలి. డెస్క్‌టాప్ మీద 'ఇంటి లెక్కలు' అన్న ఫైలు కనిపిస్తే తెరిచాడు. గౌతమి ఫాంట్‌లో అక్షరాలు సరిగానే వచ్చాయి. పెద్దాయన తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారట. అచ్చుతప్పు ఒక్కటి లేదు. పాలు రూ. 420. కరెంటు రూ. 316. అమ్మాయి వచ్చినప్పుడు పూతరేకులు రూ. 150. ప్రతి వరుసలోనూ 'రూ' కొట్టి, చుక్క పెట్టి, ఖాళీ వదిలి, అంకె వేశారు. పేజీలకు పేజీలు అలాగే ఉంది. మెకానిక్ ఫైలు మూసేశాడు.

ప్రతి రిపేరులోనూ అడగని పని ఒకటి చేసిపెట్టడం అతని అలవాటు. ఒకరికి కీబోర్డు మీటలు ఊడదీసి కడుగుతాడు. ఇంకొకరికి వైర్లన్నీ కూర్చి ట్యాగు వేస్తాడు. బిల్లులో రాయడు. ఈసారి రూపాయి గుర్తు ఉన్న ఫాంటు ఒకటి కాపీ చేసి, వర్డ్‌లో సింబల్ దగ్గర షార్ట్‌కట్ కట్టాడు. ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే గుర్తు పడుతుంది. ప్రింటర్ మీద ఒక కాగితం తీసి చూసుకున్నాడు. బాగానే పడింది.

పని పూర్తయ్యాక కంప్యూటర్ తెచ్చినాయన వచ్చి కూర్చున్నాడు. ఆన్ చేయించి, వర్డ్ తెరిపించి, తెలుగులో నాలుగు మాటలు కొట్టి చూశాడు. ప్రింటు తీశాడు. కాగితాన్ని వెలుతురుకి పెట్టి తృప్తిగా తలూపాడు. ఆల్ట్, ఆర్ సంగతి చెబితే నొక్కి చూసి, "ఇది మంచి పని చేశారు" అన్నాడు.

"డిస్కు కాపీ ఒకటి నా దగ్గరుంది సార్. పెన్‌డ్రైవ్‌లో వేసివ్వనా?"

"ఎందుకండీ, ఇందులో ఉంది కదా. అది చెరిపేయండి."

లేవబోతూ తెర కింద కుడి మూలకు చూసి ఆగాడు.

"ఇది ఇవాళ్టి తేదీ చూపిస్తోంది."

"బ్యాటరీ కొత్తది వేశాను సార్. ఇక తప్పదు."

"అది కాదు. నాన్నగారు ఉన్నప్పటిలాగే ఉండాలన్నాను కదా. 2009 పెట్టండి. మార్చి ఒకటి."

మెకానిక్‌కి అర్థం కాలేదు.

"అప్పటికి నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నారు" అన్నాడాయన. గొంతు తగ్గింది.

మెకానిక్ ఇంకేమీ అడగలేదు. గడియారం మీద రెండుసార్లు నొక్కి, 2009 మార్చి 1 పెట్టాడు. నెట్ తగిలితే తేదీ దానంతటదే మారకుండా ఆ టిక్కు కూడా తీసేశాడు.

"ఇక ఇది అక్కణ్ణుంచే నడుస్తుంది సార్."

కెపాసిటర్లకి, ఎస్ఎంపీఎస్‌కి, టోనర్‌కి అయినంతే తీసుకున్నాడు. కూలి వద్దన్నాడు. ఆయన బలవంతం చేస్తే, "తండ్రి వస్తువు కోసం ఇంత తాపత్రయపడేవాళ్లు ఎంతమంది ఉన్నారు సార్" అన్నాడు. కేబినెట్ వెనక షాపు స్టిక్కరు అంటించి, తనే మోసుకెళ్లి ఆటోలో పెట్టాడు.

సంక్రాంతి వెళ్లాక ఒకావిడ షాపుకి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు. కేబినెట్ వెనక స్టిక్కరు మీద ఫోన్ నంబరు చూసి వచ్చానంది.

"మా నాన్నగారి కంప్యూటర్ మీరే బాగుచేశారట."

"అవునమ్మా. మీ అన్నయ్యగారు తెచ్చారు."

"అందులో నాన్న వీలునామా దొరికిందన్నాడు అన్నయ్య. పెద్దమనుషుల ముందు పెట్టాడు. ఇల్లు, ఎకరం పొలం అన్నీ అన్నయ్యకే. కింద నాన్న సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. సాక్షులిద్దరూ ఇప్పుడు లేరు. రిజిస్టరు కాకపోయినా, తెల్లకాగితం మీద రాసినా వీలునామా చెల్లుతుందని లాయరుగారు చెప్పారు."

మెకానిక్ స్టూలు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఫైలు తేదీ కూడా తెర మీద చూపించారు. 2009 మార్చి 14, రాత్రి ఎనిమిది దాటాక. కంప్యూటర్ చెప్పిన తేదీకి ఎదురేముందన్నారు అందరూ."

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"పొలం కోసం రాలేదు నేను" అందావిడ. "ఆఖరి ఆర్నెల్లూ నాన్నని గుంటూరు ఆస్పత్రికి తిప్పింది నేనే. పోయేముందు నా చేతి నీళ్లే తాగారు. మార్చిలో ఇలాంటి మాట రాసి పెట్టుకుని, ఆ తర్వాత అన్నాళ్లూ ఒక్కసారైనా బయటపడకుండా నా ఎదుట ఎలా ఉన్నారో తెలియడం లేదు. ఇది నాన్నే రాశారా? అంత చెప్పండి, చాలు. రాశారంటే ఇవాళే సంతకం పెట్టి వెళ్లిపోతాను."

కవర్లోంచి జిరాక్సు కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఒక చోట పెన్నుతో గీత గీసి ఉంది.

గౌతమి ఫాంట్. అచ్చుతప్పు లేదు.

'నా కుమార్తె వివాహమునకు ₹3,50,000 ఖర్చు చేసి యున్నాను. ఆ పిమ్మట ఆమె నా బాగోగులు విచారించినది లేదు. కావున నా ఆస్తిలో ఆమెకు ఏ హక్కును లేదు.'

మెకానిక్ ఆ మూడు వాక్యాలూ చదివాడు. మళ్లీ మొదటి వాక్యానికి వచ్చాడు. సర్క్యూట్లు చూసుకునే భూతద్దం తీసి దాని మీద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"తేదీ సంగతి నాకు తెలుసమ్మా. ఆ గడియారం వెనక్కి తిప్పింది నేనే, మీ అన్నయ్యగారు చెబితే. కానీ అది నేను చెబుతాను, ఆయన కాదంటారు. నా మాటకి ఆయన మాట సరిపోతుంది."

ఆవిడ అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

"నాన్నగారు పోయింది ఎప్పుడమ్మా?"

"2009 నవంబర్."

మెకానిక్ భూతద్దాన్ని ఆవిడ వైపు జరిపి, గీత గీసిన మాటల మీద కాకుండా, వాటి పైవరుసలో అంకెకి ముందు వేలు పెట్టాడు.

"ఈ రూపాయి గుర్తుని కేంద్ర ప్రభుత్వం ఖాయం చేసింది 2010 జూలై 15న. నాన్నగారు పోయిన ఎనిమిది నెలలకి. ఆయన బతికున్నన్నాళ్లూ 'రూ' కొట్టి చుక్క పెట్టారు. ఈ గుర్తు ఆ కంప్యూటర్లో పెట్టింది నేను. మీ అన్నయ్యగారు అడగలేదు, ఊరికే చేసిపెట్టాను."