ఇరవై నాలుగు గంటల అమరత్వం

తెలుగు సినిమా పాట ఒక ఉదయం పుట్టి మర్నాటి ఉదయానికల్లా చరిత్ర అయిపోతోంది. ‘చరిత్ర’ అన్నది నా మాట కాదు, పోస్టర్ మీది మాట. హీరో ముఖం, వెనక నిప్పురవ్వలు, పక్కన మిలియన్ల అంకె, కింద ‘24 గంటల్లో అత్యధికులు చూసిన దక్షిణాది లిరికల్ వీడియో’ తరహా బిరుదు. ఈ బిరుదుల్లో గొప్ప సదుపాయం ఉంది. దేశంలో మొదటి స్థానం రాకపోతే దక్షిణాదిలో వెతుక్కోవచ్చు. అక్కడా దొరక్కపోతే తెలుగులో, తెలుగులోనూ కాకపోతే ఆ హీరో పాటల్లో, వాటిలోనూ మెలోడీల్లో. విశేషణాలు తగిలించుకుంటూ పోతే ప్రతి పాటా ఎక్కడో ఒకచోట ఫస్టే. పాటకు ముందు ప్రోమో, ప్రోమోకు ముందు అది ఎన్నింటికొస్తుందో చెప్పే పోస్టర్, ఆ క్రతువంతా ముగిశాక పాట, ఆ వెంటనే అభిమాని తీర్పు: ‘ఒకసారి వింటే ఎక్కదు బ్రో, స్లో పాయిజన్.’ పాట విడుదలై అప్పటికి నాలుగు నిమిషాలు. పాట నిడివీ నాలుగు నిమిషాలే. ఇంత వేగంగా పనిచేసే స్లో పాయిజన్‌ను వైద్యశాస్త్రం ఎరగదు.

సంఖ్య పెద్దదైతే పాట గొప్పది అనే ఈ కొత్త సిద్ధాంతాన్ని దాని సొంత గడ్డ మీదే పరీక్షించవచ్చు. అసలు ‘వ్యూ’ అంటే ఏమిటి? యూట్యూబ్‌లో డబ్బు కట్టి పాటను ప్రకటనగా నడిపించుకోవచ్చు. స్కిప్ చేయగల ప్రకటనను ముప్ఫై సెకన్లు కదలనిస్తే చాలు, అది వ్యూ కింద జమ. అంటే ఏదో వంట వీడియో పెట్టుకుని, చేతికి పిండి అంటి స్కిప్ నొక్కలేకపోయిన ఇల్లాలు కూడా ఆ పాటకు శ్రోతే. 2019 జూలైలో ‘పాగల్’ అనే హిందీ పాటకు 24 గంటల్లో ఏడున్నర కోట్ల వ్యూస్ వచ్చాయనీ, ప్రపంచ రికార్డు కొరియా కుర్రాళ్ల బీటీఎస్ నుంచి మన దేశానికి వచ్చేసిందనీ ఊరేగింపు జరిగింది. అందులో ప్రకటనల వాటా సంగతి బయటికి రాగానే ఊరేగింపు పలచబడింది. ఆ సెప్టెంబరులో యూట్యూబే దిగివచ్చి, 24 గంటల రికార్డులకూ మ్యూజిక్ చార్టులకూ ఇక డబ్బు కట్టి తెచ్చుకున్న వ్యూస్ లెక్కలోకి రావని ప్రకటించింది. అయితే వీడియో కింద కనబడే అంకెలోంచి వాటిని తీసేయలేదు. మన పోస్టర్లు ఏ అంకెను అచ్చు వేస్తాయో వేరే చెప్పాలా? ఇక షార్ట్స్ సంగతి. 2025 మార్చి 31 నుంచి అక్కడ ముప్ఫై సెకన్ల నియమం కాదు కదా, మూడు సెకన్ల నియమం కూడా లేదు. వీడియో ఆడటం మొదలైతే వ్యూ, తిరిగి మొదలైతే ఇంకో వ్యూ. బొటనవేలు కదిలిన ప్రతిసారీ ఒక సంగీత ప్రియుడు జన్మిస్తున్నాడు.

కంపెనీ పర్సు చేయలేని మిగతా పనిని అభిమాని ఒళ్లు చేస్తుంది. కొరియన్ పాప్ అభిమానులు ఈ విద్యను శాస్త్రం స్థాయికి తెచ్చారు. మ్యూట్‌లో పెట్టకూడదు, అదే వీడియోను ఏకధాటిగా తిప్పకూడదు, మధ్యలో వేరే వీడియోలు చూడాలి, లేకపోతే వ్యూస్ కొట్టేస్తారు అంటూ ఒకరికొకరు సూచనల పత్రాలు పంచుకుంటారు. మనవాళ్లూ వెనకబడి లేరు. ఈ సూచనల్లో పాట ఎలా ఉందన్న ప్రసక్తి ఎక్కడా ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. రాత్రంతా మేలుకుని, రెండు ఫోన్లలో, ఒక ట్యాబ్‌లో పాటను తిప్పుతున్న మనిషి సంగీతం వింటున్నాడనుకుంటే పొరపాటు. అతను జీతం లేని డేటా ఎంట్రీ ఆపరేటర్. పెళ్లి మండపం బయట ఆగిన కార్లను లెక్కపెట్టి లోపల పప్పుచారు అద్భుతంగా ఉందని చెప్పేవాడిని మనం నమ్మం. ఇతను ఆ కార్లను కూడా తనే తెచ్చి నిలబెట్టి మరీ చెబుతున్నాడు.

‘పాత రోజుల్లో మాత్రం లెక్కలు లేవా? వంద రోజులు, సిల్వర్ జూబ్లీలు, ప్లాటినం డిస్కులు ఎవరివి?’ అని అడుగుతారు. ఉన్నాయి. అందులో దొంగ లెక్కలూ ఉన్నాయి. ఖాళీ హాల్లో మార్నింగ్ షో ఆడించి శతదినోత్సవం జరుపుకున్న చిత్రరాజాలకు కొదవ లేదు. కానీ వంద రోజుల అబద్ధం ఆడాలన్నా వంద రోజులు ఓపిక పట్టాలి, అద్దె కట్టాలి. ఆ గడువులో నిజం బయటపడటానికి కాస్త చోటు ఉండేది. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు తొలి రోజుల్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. ఆనోటా ఈనోటా పాకి, ఆ తర్వాత నిండాయి. బాలసుబ్రహ్మణ్యానికీ, వాణీ జయరామ్‌కూ, మహదేవన్‌కూ జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ సినిమాకు 24 గంటల పరీక్ష పెట్టి ఉంటే మర్నాడు ఉదయమే శంకరశాస్త్రి డిజాస్టర్. ఘంటసాల భగవద్గీత 1974లో ఆయన పోయాక విడుదలైంది. దానికి ప్రోమో లేదు, లాంచ్ ఈవెంట్‌కు రావడానికి గాయకుడే లేడు. యాభై ఏళ్లు దాటినా అది మన వీధుల్లోంచి కదలలేదు. (మనవాళ్లు దాన్ని ఎక్కువగా చావు ఇళ్లకు పరిమితం చేయడం వేరే దుఃఖం.)

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది. ఈ లెక్కలే లేకపోతే పెద్ద కంపెనీ అండ లేని పాటకు దారెక్కడిది, సంఖ్యల్లో ప్రజాస్వామ్యం ఉంది కదా అని. తెలంగాణ జానపద గీతాలకు యూట్యూబే రేడియో, క్యాసెట్టు, థియేటరు అయిన మాట నిజం. దాన్ని కాదనడం మూర్ఖత్వం. కానీ ఆ పాటలు ఎలా పాకాయో చూడండి. మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఊరూవాడా దాన్ని నెత్తిన పెట్టుకున్నది ఆగస్టులో, మంచిర్యాల వైపు ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆ పాటకు ఆడిన వీడియో తిరిగాక. మధ్యలో నాలుగు నెలలు. 24 గంటల కొలబద్దతో కొలిస్తే ఆ పాట గడువు దాటిపోయిన సరుకు. ప్రజలకు పాట నచ్చడానికి పెళ్లిళ్ల సీజన్ రావాలి, ఎవరో ఆడాలి, ఇంకెవరో అడగాలి. ప్రజాస్వామ్యం అంటే అది. పోలింగ్ మొదలు కాకముందే మెజారిటీ పోస్టర్ ముద్రించుకోవడానికి వేరే పేరుంది.

ఆల్బమ్ దగ్గర అంటుకున్న ఈ జబ్బు కచేరీకి పాకకుండా ఎలా ఉంటుంది? ఇప్పటి లైవ్ కాన్సర్ట్ గురించి అభిమాని చెప్పే మాటలు వినండి: టికెట్లు ఎన్ని నిమిషాల్లో అయిపోయాయి, జనం ఎన్ని వేలు, డ్రోన్లు ఎన్ని, చేతికి కట్టిన లైట్లు ఏ పాటకు ఏ రంగులో వెలిగాయి, ‘వైబ్’ ఎలా ఉంది. గాయకుడు చరణం పాడాడా, లేక ‘నాకు వినబడట్లేదు!’ అంటూ మైకు జనం వైపు తిప్పాడా అన్నది ఎవరూ చెప్పరు. వెనక ట్రాక్ నడుస్తోందా, వాద్యకారులు నిజంగా వాయిస్తున్నారా అన్నదీ చెప్పరు. మైకు తిప్పడం గాయకుడికి విశ్రాంతి, జనానికి పరవశం. డబ్బిచ్చి వెళ్లి తామే పాడి రావడాన్ని ‘లైఫ్‌టైమ్ ఎక్స్‌పీరియెన్స్’ అంటున్నారు. జనం సంఖ్యే ఘనత అనుకుంటే ఏమవుతుందో 2023 సెప్టెంబరు 10న చెన్నైలో రెహమాన్ కచేరీ చూపించింది. టికెట్ కొన్నవాళ్లు ఎందరో లోపలికి అడుగే పెట్టలేకపోయారు, తొక్కిసలాటలో నలిగారు. చివరికి రెహమానే ముందుకొచ్చి టికెట్ల కాపీలు పంపమని అడగాల్సి వచ్చింది. లెక్కప్రకారం అది బ్రహ్మాండమైన రాత్రి.

ఇది సినిమా కుర్రాళ్ల రోగం, శాస్త్రీయ సంగీతం వినేవాళ్లం మేం వేరు అని భుజాలు ఎగరేసేవాళ్లు కాస్త ఆగాలి. 2009 మేలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్ష గళాలతో అన్నమయ్య కీర్తనలు పాడించి గిన్నిస్ రికార్డు సాధించింది మనమే. పాడినవారి భక్తిని శంకించను, అంతమందికి ఏడు కీర్తనలు నేర్పించడమూ మంచి పనే. కానీ మర్నాడు చెప్పుకున్నది ఏ రాగం బాగా వచ్చిందని కాదు, లక్ష దాటిందని. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద తిరుమల సంకీర్తన భాండాగారంలో దాదాపు నాలుగు శతాబ్దాలు పడి ఉన్నాయి. అన్నేళ్లూ వ్యూస్ సున్నా.

‘సరే, అభిమానులు సరదా పడుతున్నారు, నీకొచ్చిన నష్టమేంటి?’ నష్టం నాకు కాదు, పాట కట్టే పద్ధతికి. స్పాటిఫైలో కూడా ముప్ఫై సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్. ముప్ఫై సెకన్లలోపు శ్రోత జారిపోకూడదనుకుంటే హుక్ ముందుకు రావాలి, స్టెప్పు వెంటనే పడాలి, ప్రిల్యూడ్ కుదించుకోవాలి. పల్లవికి ముందు వయొలిన్లను తీరిగ్గా నడిపించి, చరణానికీ చరణానికీ మధ్య వేరే లోకం చూపించిన ఇళయరాజా ఇవాళ కొత్తగా వచ్చి ఉంటే, ‘సార్, వాయిస్ ఎప్పుడొస్తుంది?’ అని మార్కెటింగ్ కుర్రాడు అడిగేవాడు. రెండో చరణం ఇప్పటికే బతిమాలుకుని బతుకుతోంది. ఆరు పాటల్ని వారాల తేడాతో ఒక్కొక్కటిగా వదిలి, ఒక్కోదానికీ ఒక్కో రికార్డు అంటించాక, వాటన్నిటినీ కలిపి వరసగా వినే మనిషి ఎక్కడున్నాడు? సంగీత దర్శకుడు ఆ ఆరింటినీ ఒక వరసలో ఊహించాడో లేదో కూడా ఎవరూ అడగరు. 2025 జూలైలో యూట్యూబ్ తన ట్రెండింగ్ పేజీనే ఎత్తేసింది. ‘ట్రెండింగ్ నంబర్ వన్’ పోస్టర్‌కు ఆధారమైన గోడే కూలింది. అయినా మనవాళ్లకు చింత లేదు, దేశంలో కాకపోతే దక్షిణాది, అదీ కాకపోతే మెలోడీల విభాగం ఉండనే ఉన్నాయి.

కాబట్టి చిన్న మనవి. రికార్డు పోస్టర్ పంచుకునే ప్రతి అభిమానీ దానితోపాటు ఆ పాట రెండో చరణంలో మొదటి మాటేమిటో కూడా రాయాలని ఆడియో కంపెనీలు నియమం పెట్టాలి. రాయలేకపోతే ఆ వ్యూ రద్దు. పాటకు రెండో చరణమే లేదంటారా, అప్పుడు పోస్టర్ రద్దు.