రేకు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

కారు కొన్నవాఁడు కాగితాల్ మోయును
రేవు దాటి వచ్చి రేకు కొఱకు;
పాత బండికైనఁ బాటులు తప్పవు
యాకుతుపుర గల్లి నాగి చూడు.

అవతారిక

ఈ పద్యం రాసినాయన పేరు చెప్పుకోలేదు. ఆర్టీఏ ఆఫీసులో ఫైలు కదలాల్సిన వాడెవడూ పేరు బయటపెట్టుకొని పద్యాలు రాయడు. పాతబస్తీ వాడని మాత్రం నాలుగో పాదం పట్టిస్తోంది.

వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరి మనవాడే, మెదక్ జిల్లా కొలచారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకొని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. రెండో సగం ఆర్టీఏ వ్యవహారానికి నప్పదు. అక్కడ అక్కర్లేని కాగితమంటూ ఉండదు.

ప్రతిపదార్థం

కారు కొన్నవాఁడు = సొమ్ము పోసి మోటారు బండిని సొంతం చేసుకొన్న మనిషి; కాగితాల్ = ఫారం 20, బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ వారి దిగుమతి కాగితం), ఇన్సూరెన్సు, చిరునామా రుజువు మొదలైన వాటిని; మోయును = చంకన పెట్టుకొని తిరుగును; రేవు దాటి వచ్చి = ముంబయి ఓడరేవులో దిగి వచ్చి; రేకు కొఱకు = నెంబరు ప్లేటు కోసం; పాత బండికైనన్ = ఇంతకు ముందు ఇంకొకరు నడిపిన కారుకైనా; పాటులు = అవస్థలు; తప్పవు = తప్పవు; యాకుతుపుర గల్లిన్ = యాకుత్‌పురా సందులో; ఆగి = హారన్ కొట్టడం ఆపి; చూడు = చూడుము.

తాత్పర్యం

విదేశం నుంచి తెచ్చిన పాత కారుకు ఇక్కడి నెంబరు వచ్చేలోపు కారు మనిషిని మోయదు, మనిషే కారు కాగితాల్ని మోస్తాడు. నమ్మకపోతే యాకుత్‌పురా వచ్చి చూసుకో అని కవి భావం.

విశేషాలు

'రేవు': ఈ రెండక్షరాల మీద వ్యాఖ్యాతలు రెండు వర్గాలుగా చీలిపోయారు. రేవంటే సముద్రపు రేవేనని మొదటి వర్గం. వీళ్లని సముద్రవాదులు అందాం. గోలకొండ రాజుల కాలంలో మనకు రేవంటే మచిలీపట్నం. ఇప్పుడు విశాఖ ఉంది, చెన్నై ఉంది. అయినా వాడిన కారు దిగుమతికి దేశం మొత్తానికీ ముంబయి రేవొక్కటే గతి అని దిగుమతి విధానం చెబుతుంది. అంతేకాదు, బండి తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడి వైపు ఉండాలి. స్పీడు ముల్లు కిలోమీటర్లలో చూపాలి. ఎడమ పక్కన నడిచే దేశానికి తగ్గట్టు హెడ్‌లైటు వెలుగు పడాలి. దిగిన రోజు నుంచి ఇంకో అయిదేళ్లు రోడ్డు మీద నడిచే సత్తా ఉండాలి, ఆ అయిదేళ్లూ ఇక్కడ సర్వీసు దొరుకుతుందన్న హామీ కావాలి. ఇవన్నీ నిజమేనని పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి. పెళ్లికొడుకు జాతకం కూడా ఇన్ని చోట్ల చూపించరు.

శంక: యాకుత్‌పురాలో ఇంటికొకరు జెద్దాలోనో దుబాయిలోనో ఉంటారు గదా, అక్కడ నడిపిన కారు తెచ్చుకోవచ్చు గదా?

సమాధానం: రాదు నాయనా. సౌదీ, దుబాయి, కువైట్, ఖతార్... గల్ఫ్ అంతా కుడి పక్కన నడిచే దేశాలు, అక్కడి కార్లకు స్టీరింగు ఎడమ వైపు. మన దిగుమతి విధానం ఆ ఒక్క మాట మీదే గేటు వేసేస్తుంది. ఇందులో చమత్కారం ఏమిటంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ఎడమ స్టీరింగును పూర్తిగా నిషేధించలేదు. సిగ్నల్ ఇచ్చే పరికరం సరిగ్గా పనిచేస్తుంటే నడుపుకోమంది. అంటే ఇక్కడ ఉన్న ఎడమ స్టీరింగు బండి రోడ్డెక్కవచ్చు, అక్కడున్నది మాత్రం పాతదైతే ఓడ దిగరాదు. శాస్త్రకారులు దీన్ని వైరుధ్యం అనరు, 'వేరు వేరు శాఖలు' అంటారు.

మరో శంక: ఇరవై ఏళ్లు అక్కడ కష్టపడి శాశ్వతంగా ఇంటికొస్తున్న వాడు, తన కారును సామానుతోపాటు తెచ్చుకుంటే?

సమాధానం: కస్టమ్స్ సుంకాల పట్టికలో ప్రయాణికుడి సామానుకు ఒక శీర్షిక ఉంది, 9803. టీవీ, దుప్పట్లు, ఖర్జూరం డబ్బాలు అందులోకి వస్తాయి. మోటారు బండ్లకు, మద్యానికి అది వర్తించదని అక్కడే రాసి పెట్టారు. మద్యం పక్కన కారును కూర్చోబెట్టిన రసజ్ఞత ఎవరిదో గానీ, ఈ గల్లీలో చాలామందికి అందులో సగం మాటే అవసరం.

సుంకం సంగతి. చాలా ఏళ్లపాటు పాత కారు మీద మూల కస్టమ్స్ సుంకమే నూటికి 125 ఉండేది. పది లక్షల బండికి పన్నెండున్నర లక్షలు, ఆ మొత్తం ఇరవై రెండున్నర లక్షల మీద మళ్లీ ఐజీఎస్టీ, సెస్సు. ఇది అతిశయోక్తి అలంకారమని విద్యార్థులు తొందరపడకూడదు. ఇది స్వభావోక్తి.

పూర్వకాలంలో ఇంత లేదు. యాకుత్‌పురాకు దగ్గర్లోనే ఉన్న పురానీ హవేలీలో ఉండిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో రోల్స్ రాయిస్‌కు ఆర్డరు పెట్టాడు. బండి ఊరు చేరేలోపే ఆ ఏడాది ఆగస్టులో ఆయన కాలం చేశాడు. సింహాసనం లాంటి సీటున్న ఆ పసుప్పచ్చ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. యజమాని లేకుండా వచ్చిన కారు అది. ఇప్పుడు యజమానులుండి కాగితాలు లేని కార్లు వస్తున్నాయి.

ఇక రెండో వర్గం, సరిహద్దువాదులు. వీరి లెక్కలో పద్యంలోని రేవు రాష్ట్రపు ఎల్ల. జహీరాబాద్ దాటి వచ్చినా, ఆదిలాబాద్ దాటి వచ్చినా రేవు దాటినట్టే. ఎవరి మాట సరైనదంటే, సముద్రవాదులకు వ్యాకరణం తోడుంది, సరిహద్దువాదులకు యాకుత్‌పురా తోడుంది. నేను రెండో వైపు. ఈ సందుల్లో జపాను నుంచి ఓడెక్కి వచ్చిన బండి కోసం వెతికితే కాళ్లు నొస్తాయి. ఢిల్లీ నుంచి వచ్చిన బండి మాత్రం ప్రతి మలుపులో కనిపిస్తుంది.

ఢిల్లీయే ఎందుకు? పదేళ్లు దాటిన డీజిలు బండి రాజధాని ప్రాంతంలో తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్నీ, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీది నిషేధాన్నీ ఖాయం చేసింది. తర్వాత ఆ పట్టు కొంత సడలింది గానీ, అప్పటికే ఢిల్లీ వాళ్లకు కారు ధర పడిపోయింది, దక్షిణాదికి బేరం కుదిరింది. అక్కడ ముసలిదైన ఇన్నోవా ఇక్కడ నడివయసులో ఉంటుంది.

ఇలా వచ్చిన బండికి విధి ఇది. అక్కడి ఆర్టీఓ దగ్గర ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే కొత్త గుర్తు తీసుకోవాలని 47వ సెక్షన్. దానికి ఫారం 27. పేరు మార్పుకు 29, 30. ఇక్కడి లైఫ్ టాక్స్ ఇక్కడ కట్టాలి. అక్కడ కట్టిన దాంట్లో మిగిలింది వెనక్కి రావాలంటే అక్కడికే అర్జీ పెట్టుకోవాలి. లైఫ్ టాక్స్ అంటే ఎవరి లైఫ్ అనేది ఈ గ్రంథానికి విషయం కాదు.

బండి తనిఖీలో ఒక ఘట్టం చూడదగ్గది. బానెట్ ఎత్తి, లోపలి రేకు మీద చెక్కిన ఛాసిస్ నెంబరు వెతుకుతారు. నూనె, మట్టి కలిసి అక్కడ ఒక పొర కట్టి ఉంటుంది. ఏజెంటు కుర్రాడు జేబురుమాలుతో ఒక తుడుపు తుడిచి, సన్నటి కాగితం దాని మీద అదిమిపట్టి, పెన్సిలు మొనను పక్కకు వాల్చి మెల్లిగా రుద్దుతాడు. నల్లటి గీతల మధ్య తెల్లగా ఒక్కొక్క అక్షరం తేలుతుంది. పదిహేడూ తేలేదాకా యజమాని ఊపిరి బిగబట్టి ఉంటాడు. అందులో ఐ, ఓ, క్యూ ఉండవు. ఒకటితో, సున్నాతో కలిసిపోతాయని ప్రపంచమంతా వాటిని విడిచిపెట్టింది. మొదటి అక్షరం జే అయితే జపాను, డబ్ల్యూ అయితే జర్మనీ. ఎంతటి ప్రబంధానికైనా ఇంత క్లుప్తమైన వంశవర్ణన లేదు.

'రేకు': ఒకప్పుడు రేకంటే రేకే. పెయింటరు కుంచె పట్టి రాసేవాడు, అంకె చుట్టూ నీడ కూడా తీర్చేవాడు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండికి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరైంది. అల్యూమినియం రేకు, ఎడమ మూల నీలి చక్రం ముద్ర వేసిన హోలోగ్రాం, దాని కింద ఐఎన్‌డీ, లేజరుతో చెక్కిన మరో నెంబరు, ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని లాకు. అక్షరాలు ఇంగ్లీషులోనే ఉండాలని నియమం. ఉర్దూలో, తెలుగులో అందంగా రాయించుకున్న వాళ్లు ఆ అందానికి చలానా కట్టారు.

పాఠాంతరాలు: పాతబస్తీలో ఈ రేకుకు మూడు ప్రతులు దొరుకుతున్నాయి. ఏపీ 12, టీఎస్ 12, టీజీ 12. అంకె దక్షిణ మండలానిది. పక్కనే మలక్‌పేట ఆఫీసు వాళ్ల 11 కూడా విరివిగా తిరుగుతుంది. ఏపీ ప్రతి 2014 జూన్ 2కు ముందుది. టీఎస్ దాని తర్వాతది. 2024 మార్చి 15 నుంచి టీజీ. పాత ప్రతులున్న వాళ్లు మార్చుకోనక్కర్లేదన్నారు, అందువల్ల మూడూ ఒకే గల్లీలో ఒకదాని బంపరు ఒకటి గీరుకుంటూ ఉన్నాయి. వీటిలో మూలపాఠం ఏదంటే, ఉద్యమం రోజుల్లో జనం తమంతట తామే ఏపీ చెరిపి టీజీ అని రాసుకున్నారు. పోలీసులు అది అపపాఠమన్నారు. ఇప్పుడు ప్రభుత్వమే దాన్ని సాధుపాఠం చేసింది. ఆంధ్రలో ఈ గొడవే లేదు. 2019లో జిల్లా అంకెలు తీసేసి రాష్ట్రమంతటికీ కలిపి 39 మొదలుపెట్టారు. కడప బండో కాకినాడ బండో రేకు చూసి పోల్చుకునే సరదా మాత్రం పోయింది.

నాలుగంకెల విషయంలో రుచులు వేరు. ఖైరతాబాద్‌లో 2024లో 9999 వేలంలో పాతిక లక్షలు దాటింది. మూసీకి ఇవతల ముచ్చట 786. ఆ అంకె ఉన్న పాత మారుతికి, లేని కొత్త మారుతికంటే గల్లీలో మర్యాద ఎక్కువ.

ప్రక్షిప్తాలు: ప్రతి మహాకావ్యంలోనూ తర్వాతి వాళ్లు చొప్పించిన శ్లోకాలుంటాయి. కార్లలోనూ ఉన్నాయి. 2025 మేలో హైదరాబాద్ డీలరొకరిని డీఆర్‌ఐ (రెవెన్యూ ఇంటెలిజెన్స్) అరెస్టు చేసింది. అధికారులు చెప్పిన దాని ప్రకారం, అమెరికా, జపానుల్లో కొన్న ఖరీదైన కార్లను దుబాయికో శ్రీలంకకో చేర్చి, అక్కడ స్టీరింగు ఎడమ నుంచి కుడికి మార్పించి, ధర సగం దాకా తగ్గించిన దొంగ కాగితాలతో ఇక్కడికి దించారు. ముప్పైకి పైగా కార్లు, పాతిక కోట్ల సుంకం ఎగవేత అన్నది ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో 'నుంఖోర్' పేరుతో కస్టమ్స్ వాళ్లు సోదాలు చేశారు. భూటాన్‌లో వాడి తీసేసిన బండ్లు సరిహద్దు దాటి, ఏ కొండ రాష్ట్రంలోనో నెంబరు పుట్టించుకొని, సినిమా వాళ్ల ఇళ్లదాకా చేరాయని వారి అభియోగం.

ఇక్కడే రేకు గుట్టు ఉంది. ప్రాంతీయ నెంబరు పడగానే బండి పూర్వజన్మ తుడిచిపెట్టుకు పోయినట్టు కనిపిస్తుంది. కొనేవాడు 'టీజీ' చూసి బండి ఇక్కడిదే అనుకుంటాడు. ఆర్సీ చేతికొచ్చింది గదా, ఇంకేం కావాలనుకుంటాడు. నిబంధనల్లో చూస్తే, దిగుమతి బండి రిజిస్ట్రేషన్‌కు కస్టమ్స్ క్లియరెన్సు కాగితం జత చేయాలి. ఆ కాగితం దొంగదైతే దాని మీద కట్టిన ఆర్సీ, ఆ ఆర్సీ మీద కట్టిన రేకు, అన్నీ పోతాయి. బండిని జప్తు చేసేటప్పుడు అది మూడో చేతిలో ఉందా నాలుగో చేతిలో ఉందా అని కస్టమ్స్ వాళ్లు ముందు అడగరు.

'యాకుతుపుర గల్లి నాగి చూడు': రైల్వే స్టేషను వైపు సందులోకి రండి. ఇటో ఆటో, అటో తోపుడు బండి, మధ్యలో టార్పాలిన్ కప్పుకొని ఒక పెద్ద బండి. టార్పాలిన్ అంచు కింద రేకు ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలు. పక్కన ఇరానీ చాయ్ గ్లాసుతో బేరగాడు.

"అన్నా, ఫారిన్ బండి. ఏక్‌దమ్ నయా హై. ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ వస్తున్నది, నెంబర్ పది రోజుల్లో పడ్తది."

"కస్టమ్స్ కాగజ్ ఉన్నదా భాయ్?"

"కాగజ్ కాయ్‌కూ అన్నా, బండి చూడండి. స్టార్ట్ చేస్తా, ఆవాజ్ వినండి."

పద్యంలో కవి 'చూడు' అన్నాడు, 'విను' అనలేదని పండితులు గమనించాలి. ఇంజను చప్పుడు వినడానికి బాగానే ఉంటుంది. చూడాల్సింది బిల్ ఆఫ్ ఎంట్రీ. అందులోని ఛాసిస్ నెంబరు, బానెట్ కింద పెన్సిలు రుద్దితే తేలిన పదిహేడక్షరాలు, ఆర్సీలోని నెంబరు, మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోండి. "వచ్చే వారం తెప్పిస్తా" అంటే బయానా కూడా వచ్చే వారమే ఇస్తానని చెప్పి చాయ్ తాగి ఇంటికి రండి.