అరంగుళం ప్రయాణం

అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు కారు కొనొచ్చు, ఇల్లు కొనొచ్చు, ముప్పై ఏళ్ల అప్పులో మునగొచ్చు. వేట లైసెన్సు లాంటి మినహాయింపేదో ఉంటే తప్ప పిస్టల్ మాత్రం కొనకూడదు. గ్రీన్ కార్డు వస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉండే మా తోడల్లుడికి ఆ కార్డు వచ్చింది. తిరుపతి మొక్కు ఇంకా బాకీ ఉండగానే గ్లాక్ 17 ఇంటికొచ్చేసింది.

వారం తిరక్కుండా ఫోను. "ఏమోయ్, ట్రిగ్గర్ బాలేదు."

"పేలడం లేదా అన్నయ్యా?"

"పేలుతోంది. ఫీల్ లేదు."

ట్రిగ్గర్ అంటే నొక్కితే పేలేది అనుకునే అమాయకుణ్ని నేను. అన్నయ్య నాకు అక్షరాభ్యాసం చేశాడు. నొక్కడం మొదలెట్టగానే వేలు కాస్త దూరం ఊరికే పోతుంది. తర్వాత ఏదో అడ్డం తగులుతుంది, దాన్ని 'వాల్' అంటారు. ఆ గోడ విరగడం 'బ్రేక్'. పేలాక వేలు కొద్దిగా వదిలితే టిక్కుమని మళ్లీ కుదురుకోవడం 'రీసెట్'. ఇంతా కలిపి పన్నెండున్నర మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. ఈ అరంగుళం గురించి అన్నయ్య మాట్లాడినంతసేపు మా మామగారు పోలవరం గురించి కూడా మాట్లాడలేదు.

ఆయన గోడు ఏమిటంటే, మంచి ట్రిగ్గర్ గాజుకడ్డీలా ఠపీమని విరగాలట. గ్లాక్‌ది వానాకాలం డబ్బా మూత పెట్టడం మరిచిపోయిన జంతికలా సాగుతోందట. అందులో నిజం లేకపోలేదు. జాన్ బ్రౌనింగ్ చేసిన పాత 1911 పిస్టల్‌లో హ్యామర్ ముందే పూర్తిగా వెనక్కి లాగి ఉంటుంది. ట్రిగ్గర్ తిన్నగా వెనక్కి జరిగి దాన్ని వదిలేస్తే చాలు. గ్లాక్‌లో తూటాని పొడిచే స్ట్రైకర్ కొంతవరకే వెనక్కి ఉంటుంది, మిగతా దూరం లాగే కూలీ మన వేలే. పైగా పిస్టళ్ల జోలికి రాకముందు కర్టెన్ రాడ్లు చేసుకునే గాస్టన్ గ్లాక్ దీన్ని ఆస్ట్రియా సైన్యం కోసం తయారుచేశాడు. 1982లో వాళ్లు ఎంచుకున్నారు. సైన్యానికి కావాల్సింది బురదలో పడ్డా పేలడం. వేలి కొస తన్మయత్వం టెండర్‌లో ఉండదు కదా.

మన ఇండియాలో ఈ బాధే లేదు. గ్లాక్ 17 కాల్చే 9 ఎంఎం మామూలు జనానికి నిషిద్ధం. .32 పిస్టల్ లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగొచ్చిన మనిషికి ట్రిగ్గర్ ఫీల్ గురించి అడిగే ఓపిక ఎక్కడ మిగులుతుంది?

సరే, ముందు రోగనిర్ధారణ. ట్రిగ్గర్ ఎంత బరువుకి విరుగుతుందో చూసే గేజ్ కొంటానన్నాడు. వదినగారు ఊరుకోలేదు. ఇండియా ప్రయాణాలప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఇంట్లో ఉండగా ఇంకోటి దేనికి? బ్యాగుకి 23 కిలోల చొప్పున ఏళ్ల తరబడి పచ్చళ్లూ పట్టుచీరలూ మోసిన కొక్కెం అది. అన్నయ్య మ్యాగజైన్ తీశాడు, ఛాంబర్ కళ్లతో చూశాడు, వేలు పెట్టి తడిమాడు, మళ్లీ చూశాడు. ఈ ఒక్క విషయంలో ఆయన చాదస్తానికి దండం పెట్టాలి. అప్పుడు కొక్కెం తగిలించి లాగాడు. రెండున్నర కిలోలు! కంపెనీ చెప్పేదీ ఆ దరిదాపే. చేతిలో తేలకపోయిన వ్యాధి త్రాసులో తేలినట్టు మొహం పెట్టాడు. న్యూయార్క్ పోలీసులైతే పొరపాటున పేలకుండా ఉండాలని కావాలనే పన్నెండు పౌండ్లకు, అంటే ఇంచుమించు అయిదున్నర కిలోలకు, పెంచిన ట్రిగ్గర్ పెట్టించుకున్నారని చెబితే, "వాళ్ల ఖర్మ" అన్నాడు.

తర్వాత చికిత్స. పూజ సామాన్లు తోమే బ్రాసో మాయమైంది, చెవులు శుభ్రం చేసుకునే బడ్స్ మాయమయ్యాయి, లోపలి ఇనుప ముక్కలు దేవుడి కుందుల్లా మెరిశాయి. ఆపైన ఖరీదైన అల్యూమినియం ట్రిగ్గర్, దానికి జోడీగా తేలిక స్ప్రింగులు వచ్చాయి. కొక్కెం ఈసారి కిలోన్నర చూపించింది. షూటింగ్ రేంజ్‌లో మొదటి గుండు 'డాం' అంది, రెండోది 'టిక్' అంది. స్ట్రైకర్ స్ప్రింగ్ మరీ బలహీనమైతే తూటా అడుగున ఉండే ప్రైమర్‌కి తగలాల్సిన దెబ్బ తగలదు. "ఫీల్ మాత్రం వెన్నపూస!" అన్నాడు అన్నయ్య, పేలని పిస్టల్ పట్టుకుని.

స్ట్రైకర్ స్ప్రింగ్ పాతదే మళ్లీ వేశాక అన్నీ పేలాయి. కాగితం మీద చిల్లులు మాత్రం ఎప్పట్లాగే ఎడమ పక్కన, కింద. పక్క లేన్‌లో పాఠం చెబుతున్న ముసలి టెక్సాస్ కోచ్ కాసేపు చూసి, మ్యాగజైన్ ఇమ్మన్నాడు. అటు తిరిగి నింపి తెచ్చాడు. తూటాల మధ్య ఎక్కడెక్కడో ఎర్ర ప్లాస్టిక్ డమ్మీలు దూర్చాడు, ఏది ఎప్పుడొస్తుందో కాల్చేవాడికి తెలియదు. డాం. డాం. మూడోది డమ్మీ. శబ్దం లేదు, కుదుపు లేదు, అయినా పిస్టల్ మూతి పెళ్లిచూపుల్లో పిల్లలా తల దించేసింది. పేలబోతోందన్న భయంతో మణికట్టు ముందే కిందికి నొక్కేస్తోంది. కుడిచేతివాటం వాళ్ల గుళ్లు ఎడమకి, కిందికి పోవడానికి మామూలుగా కారణం ఇదే. కోచ్ ఏమీ అనలేదు. జేబులోంచి ఒక సెంటు నాణెం తీసిచ్చి, ఇంటికెళ్లి ఖాళీ పిస్టల్ ముందు సైటు మీద పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయమన్నాడు. తూటాలు వేరే గదిలో ఉండాలని మరీ మరీ చెప్పాడు.

రేంజ్ నుంచి తిరిగొస్తూ కారులో నేను హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ సంగతి ఎత్తాను. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం తెచ్చిన పిల్ల. ఆ పోటీలో వాడేదీ సెమీ ఆటోమేటిక్ పిస్టలే, .22ది. ముందే ట్రిగ్గర్‌కి కిలో గుండు తగిలించి పైకి లేపి చూస్తారు, ఆ బరువుకే విరిగితే పోటీకి పనికిరాదు. తేలికైన ట్రిగ్గర్ గొప్పదే, కాదనను. కానీ దాని తేడా తెలియాలంటే ముందు మణికట్టు కదలకుండా ఉండాలి.

"అయితే నాకింకా అర కిలో తగ్గించుకునే వీలుందన్నమాట" అన్నాడు అన్నయ్య.

నాణెం ఇప్పటికీ రోజూ కిందే పడుతోందని వదినగారి భోగట్టా. డాలస్ వైపు మీలో ఎవరైనా కొత్త ట్రిగ్గర్‌కి ఆర్డర్ పెట్టబోతుంటే కాస్త ఆగండి. ముందు ఒక కోచ్‌ని వెతికి పట్టుకుని, మీ మ్యాగజైన్ ఆయన చేత నింపించుకోండి.