టీ, టీకా, తాత్పర్యం

పేరు కొత్తదాయె పెట్టగా నింటివా
రొక్క పళ్లెమందె పక్కపక్క
తిండి, మూడు సార్లు తేనీటి విందులు;
తొట్రుపాటు దీరి తోడు దొరకు.

అవతారిక: సెనెగల్ పల్లెల్లో రెండేళ్లు పనిచేయడానికి వచ్చే అమెరికా పీస్ కోర్ వారికి ముందుగా మూడు నెలల శిక్షణ ఉంటుంది. ఆ సంస్థ 1961లో పుట్టి 1963లో సెనెగల్‌కు వచ్చింది. శిక్షణ కేంద్రం డాకర్‌కు తూర్పున సుమారు 70 కిలోమీటర్ల దూరాన థియెస్ పట్టణంలో ఉంది. అయితే ట్రైనీలు చాలా రోజులు చుట్టుపక్కల ఊళ్లలోనే, తలా ఒక ఇంట్లో ఉండి వోలోఫ్ భాషో పులార్ భాషో నేర్చుకుంటారు. ఆ దినచర్యే ఈ పద్యానికి వస్తువు.

ప్రతిపదార్థం: ఇంటివారు = ఆతిథ్యమిచ్చే కుటుంబం; పెట్టగాన్ = తమ ఇంటిపేరుతో సహా పెట్టగా; పేరు = పాస్‌పోర్టులో లేనిది; కొత్తది ఆయె = వచ్చిన కాసేపట్లోనే అమల్లోకి వచ్చెను; ఒక్క పళ్లెమందె = ఇంటిల్లిపాదికీ వడ్డించిన ఒకే బేసిన్‌లో; పక్కపక్క = మోకాలికి మోకాలు తగిలేట్టు; తిండి = చేపలన్నం; మూడు సార్లు తేనీటి విందులు = అట్టాయ; తొట్రుపాటు = భాష, ఎండ, కడుపు మూడూ ఒకేసారి మొరాయించడం; తీరి = తగ్గి; తోడు = స్నేహం; దొరకు = లభించును.

తాత్పర్యం: పెట్టిన పేరుకు పలుకుతూ, పెట్టిన చోట తింటూ, పోసిన టీ తాగుతూ ఉంటే ట్రైనీకి స్నేహితులు ఏర్పడతారని భావం.

విశేషాలు: మొదటి పాదం చివర ‘ఇంటివారు’ విరిగి రెండో పాదంలోకి పాకారు. ఇంట్లో మొత్తం ఎందరున్నారో ట్రైనీకి మొదటివారం అంతుచిక్కదని దీనివల్ల సూచితం. పేరు పెట్టడం వట్టి ముద్దుకు కాదు. అయోవా నుంచి వచ్చిన అమ్మాయి ఫాతూ న్జాయ్ అయిందంటే, న్జాయ్‌ల వరసలన్నీ ఆమెకు సంక్రమిస్తాయి. న్జాయ్‌లకూ జోప్‌లకూ తరతరాల వేళాకోళం ఉంది. మన బావామరదళ్ల పరాచికాల వంటిదే, కాకపోతే దేశమంతటా చెల్లుతుంది. సంతలో ఉల్లిపాయలమ్మే ఆవిడ పేరడుగుతుంది. న్జాయ్ అని వినగానే, “అయితే తిండిపోతువన్నమాట!” అంటుంది. ఆవిడ జోప్ అని గ్రహించి, “తిండిపోతులు జోప్‌లే!” అని అనగలిగిన రోజున ట్రైనీ ఆ సంతలో పరాయిది కాదు. ఇక్కడ స్నేహం ముందు వరసగా వస్తుంది. ఇష్టం తీరిగ్గా, దాని వెనకాల వస్తుంది.

రెండో పాదంలో తినడానికి క్రియాపదం లేదేమని శంక. క్రియ అంతా ఇంటావిడది కనుక అని సమాధానం. బేసిన్‌లో ఎవరి ముందున్న భాగం వారిది. కుడిచేత్తోనో చెంచాతోనో అక్కడిదే తినాలి. నడుమ ఉన్న చేపను, క్యారెట్‌ను, కర్రపెండలాన్ని ఇంటావిడ వేళ్లతో తుంచి ట్రైనీ వైపు విసురుతూ ఉంటుంది. ‘సుర్ నా’, అంటే కడుపు నిండింది అన్న మాట ట్రైనీ త్వరగా నేర్చుకుంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ చేపలన్నం పేరు చెబు జెన్. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అందులో వాడేది నూకలు. ఫ్రెంచివారి ఏలుబడిలో ఇండోచైనా నుంచి దిగిన నూకలు అక్కడి నాలుకకు అలవాటయ్యాయి. కాకినాడ రేవు నుంచి పడమటి ఆఫ్రికాకు బియ్యం ఓడలు వెళ్తుంటాయి గనుక, ఆ బేసిన్‌లో గోదావరి మెతుకులు ఉండకపోవు.

‘మూడు సార్లు’ అంటే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని కొందరంటారు. అది పొసగదు. మూడూ ఒకే కూర్చోవడంలో జరిగేవి. బొగ్గుల కుంపటి మీద చిన్న కెటిల్, అందులో చైనా గ్రీన్ టీ, పంచదార, పుదీనా. కాచినదాన్ని ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి ఎత్తు నుంచి పోస్తూ, నురగ నిలిచేదాకా తిరగబోస్తారు. మొదటి విడత చేదు, రెండోది తీపి, మూడోది పాకం. మధ్యాహ్నం భోజనాల తరవాత మొదలైతే ముగియడానికి ఏ రెండు గంటలో పడుతుంది. పొద్దున క్లాసులో వల్లించిన భూతకాలం ఇక్కడ, గ్లాసుకూ గ్లాసుకూ నడుమ, నోట పలుకుతుంది. శిక్షణ చివర్లో జరిగేది మౌఖిక పరీక్షే కాబట్టి కుంపటి పక్కన గడిపిన పొద్దు వృథా కాదు. అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తి అనేవారు మూడో విడతలో పడే పంచదారను చూసి ఉండరు.

‘తోడు’ విషయంలో వ్యాఖ్యాతలకు భేదం ఉంది. ఇంటివారే తోడని ఒక పక్షం. ఒకే విమానంలో దిగిన తోటి ట్రైనీలని మరో పక్షం. రెండూ గ్రాహ్యమే. వారం మధ్యలో కేంద్రానికి చేరితే ఇంగ్లీషు కట్టలు తెంచుకుంటుంది. ఎవరి ఇంట్లో ఏం వండారు, ఎవరికి విరేచనాలు ఆగాయి, ఎవరి వెంట పిల్లలు ‘తుబాబ్, తుబాబ్’ అని ఎంత దూరం పరిగెత్తారు, అన్నీ దాపరికం లేకుండా చెప్పుకుంటారు. ‘తుబాబ్’ అంటే తెల్లవాళ్లను అక్కడ పిలిచే మాట. కడుపు సంగతులు ఇంత బాహాటంగా పంచుకున్నవారి మధ్య మొహమాటం మిగలదు. ఈ స్నేహానికి వరస అక్కర్లేదు. కానీ శిక్షణ ముగియగానే ఒకరు ఉత్తరాన నది ఒడ్డుకూ ఒకరు ఆగ్నేయ మూలన కెడుగుకూ పోతారు.

ప్రమాణ స్వీకారం ప్రస్తావన పద్యంలో లేదు. అంతవరకూ ట్రైనీలే, ప్రమాణం చేశాకే వాలంటీర్లు. స్థానికంగా కుట్టించుకున్న రంగురంగుల సెనెగల్ దుస్తుల్లో నిలబడి, అమెరికా రాజ్యాంగాన్ని స్వదేశీ, విదేశీ శత్రువులందరి నుంచీ కాపాడతామని చెప్పే ఆ వాక్యం ఆటవెలది గణాల్లో ఇమడక కవి వదిలేసి ఉంటాడు. రెండేళ్ల సర్వీసు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.