మణికట్టు ఉండగా నడుమెందుకు? కర్రసాముకు 5 చిట్కాలు

కర్రసాము నేర్చుకుందామని గురువు దగ్గరికి వెళ్తే నెలల తరబడి అడుగులే వేయిస్తాడు. అంత ఓపిక లేనివాళ్లకు ఈ చిట్కాలు.

1. పట్టు బిగించండి. వేళ్లు తెల్లబడాలి. కర్రను వదులుగా పట్టి, దెబ్బ తగిలే క్షణంలో మాత్రమే పిడికిలి బిగించాలని పాతవాళ్లు చెబుతారు. మీరు మొదట్నుంచీ బిగించే ఉంచండి. మణికట్టు కొయ్యబారుతుంది, ముంజేయి పట్టేస్తుంది. ఒళ్లు వంచి పనిచేశామన్న తృప్తి మిగులుతుంది.

2. కాళ్లు కదపకండి. బలం నేలను తన్నిన పాదంలో పుట్టి, నడుం తిప్పుతో పెరిగి, భుజం దాటి, చివర మణికట్టు విదిలింపుతో కర్ర కొనకు చేరుతుందట. అంత చుట్టు తిరుగుడు దేనికి? 8 చిన్న ఎముకలున్న మణికట్టు ఉందిగా, బరువంతా దానిమీదే వేయండి. సాయంత్రానికి వాస్తే బలం పెరిగిందనుకోండి.

3. రోకలంత కర్ర ఎంచుకోండి. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి 4 రెట్లవుతుంది. బరువు రెట్టింపై, వేగం సగానికి పడితే ఆ శక్తి సగమే మిగులుతుంది. లెక్కలు మనకెందుకు? ఫిలిప్పీన్స్‌లో 2009లో తమ కర్రసాము ఆర్నిస్‌ను జాతీయ యుద్ధక్రీడగా ప్రకటిస్తూ చట్టం చేశారు. అయినా అక్కడివాళ్లు సుమారు 28 అంగుళాల తేలికపాటి పేము కర్రలతోనే సాధన చేస్తారు. పాపం, రోకళ్లు దొరకవు కాబోలు.

4. విదిలింపు ముందే కానిచ్చేయండి. మణికట్టు విరుపును చివరి క్షణందాకా దాచుకోవడం పిసినారితనం. గాల్లోనే విదిలిస్తే సుయ్యిమని చప్పుడొస్తుంది, చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. కర్ర ఎదుటివాడి దగ్గరికి చేరేసరికి అందులో ఏమీ మిగలదు. అహింసే కదా!

5. టైరు జోలికి పోకండి. పాత టైరును వేలాడదీసి కొడితే కర్ర ఎంత వెనక్కి తంతోందో, పట్టు నిలిచిందో జారిందో ఒక్క దెబ్బకే బయటపడుతుంది. అద్దం ముందు తిప్పుకుంటే ఆ బెడద లేదు. సంక్రాంతికి వీడియో తీసి పెట్టుకోవచ్చు.

ఇన్ని చేశాక కూడా చెయ్యి నొప్పెట్టకుండా, దెబ్బ గట్టిగా పడుతోందంటే ఎక్కడో సరిగ్గా చేస్తున్నారన్నమాట. వెంటనే మానుకోండి.