ఇంటర్‌కూలరు చీటీకి టీకా తాత్పర్యములు

మూలము:

కస్టమ్ ఇంటర్‌కూలరు పైపింగు. ఫ్రంట్ మౌంటు. రెండున్నర ఇంచి అల్యూమినియం. ఆరు బెండ్లు. సిలికాన్ హోసు, క్లాంపులు సహా. రేస్ స్పెక్. వర్కు చూసి రేటు.

అవతారిక:

కాళిదాస కావ్యములకు సంజీవనియు, భారవి కావ్యమునకు ఘంటాపథమును రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొల్చారమువాడు. పై మూలము వెలువడిన కార్ఖానా హైదరాబాదు శివారులోనిది. రెంటికిని నడుమ ఒక పూట ప్రయాణమైనను లేదు. ఆ మహానుభావుడు మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ పట్టి దానిని చెల్లించుకొన్నాడు. నేను రెంటికిని భంగము కలిగింపబోవుచున్నాను. ఏలయన, ఈ చీటీలో లేనివానికే మేము ఎక్కువ పైకము చెల్లించితిమి.

నా మేనల్లునికి ఒక పాత ఫియట్ లీనియా టీ-జెట్ కలదు. 1368 ఘనసెంటీమీటర్ల టర్బో ఇంజను, 114 గుర్రముల బలము గల బండి. దానికి పెద్ద ఇంటర్‌కూలరు తగిలింపవలెనని వానికి బుద్ధి పుట్టగా, పెద్దవాడు వెంటనున్న మర్యాదగా ఉండునని నన్ను కార్ఖానాకు తోడ్కొనిపోయినాడు. ఏ గొట్టము ఎటునుండి ఎటు పోవునో ముందు కాగితముమీద గీసినారా యని నేనడిగితిని. ఆ మేస్త్రీ నావైపు జాలిగా చూచి, “గీసుడేంది సార్, బండి మీదనే చూసుకుంట చేస్తం. కస్టమ్ గదా!” అనెను. పదివేలు బయానా పుచ్చుకొని పై చీటీని దయచేసెను. ఆ ‘కస్టమ్’ అను మాట పలుకునప్పుడు ఆయన కంఠమున ధ్వనించిన గాంభీర్యమే ఈ టీకకు బీజము.

టీక:

కస్టమ్: ఇది అన్యదేశ్యము. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలయించునాటికి ఈ పదము మన కార్ఖానాలలో అడుగు పెట్టలేదు గనుక ఆయనను తప్పు పట్టరాదు. ఒక్క బండికొరకై కొలిచి, కొలతనుబట్టి చేసినది యని వాచ్యార్థము. ఆ అర్థము ఇచట పొసగదు, లక్షణావృత్తిని ఆశ్రయింపవలసినదే. గంగలో గొల్లపల్లె యున్నదనినప్పుడు గంగాశబ్దము తన అర్థమును విడిచి గట్టును బోధించునని ఆలంకారికులు చెప్పుదురు గదా. అట్లే ఇచట కస్టమ్ శబ్దము కొలతను విడిచి, అటకమీద మిగిలియున్న పాత బండ్ల గొట్టపుముక్కలను బోధించుచున్నది. దీనినే జహల్లక్షణ యందురు.

ఇంటర్‌కూలరు: యోగశాస్త్రము తెలిసినవారికి దీని వివరణము సులభము. మన శరీరమున ప్రాణము లోనికిని, అపానము వెలుపలికిని పోవుచు దేని దారిని అది చూచుకొనును. 1905లో స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి పేటెంటు పొందిన టర్బో యంత్రమున అపానమే ఒక చక్రమును త్రిప్పును. ఆ చక్రపు ఇరుసునకు రెండవ కొననున్న మరియొక చక్రము ప్రాణమును బలాత్కారముగా ఇంజనులోనికి నెట్టును. అపానమునందు ప్రాణమును హోమము చేయువారిని గీత నాలుగవ అధ్యాయము పేర్కొన్నది గాని, అపానముచేత ప్రాణమునకు ఊడిగము చేయించినవారిని పేర్కొనలేదు. అయితే నెట్టబడిన గాలి వేడెక్కును. 35 డిగ్రీల గాలిని, 70 శాతము సామర్థ్యము గల కంప్రెసరు రెట్టింపు ఒత్తిడికి తెచ్చినచో అది సుమారు 130 డిగ్రీలై వెలువడును. వేడిగాలి పలుచన, పైగా సిలిండరులో పెట్రోలును అకాలమున మండించి ‘నాకింగు’ అను సుత్తిదెబ్బలు పుట్టించును. దానిని 50 డిగ్రీలకు చల్లార్చగలిగినచో అదే ఒత్తిడిలో నాలుగవ వంతు అధికముగా గాలి పట్టును. ఆకాశమునుండి ఉరికిన గంగను శివుడు జటలలో బంధించి, పాయలుగా చీల్చి, ఉద్ధతి తగ్గించి విడిచినట్లే ఇంటర్‌కూలరు తన రెక్కలసందున గాలిని నలిపి, చల్లబరచి విడుచును. జటలలో గంగ కొంత తడవు దారి తెలియక తిరిగినట్లే ఇచటను కొంత ఒత్తిడి నష్టమగును. ఆ మేస్త్రీతో ఈ నష్టపు ప్రస్తావన తెచ్చితిని. “అసల్ లాస్ ఉండదు సార్, మనది రేస్ స్పెక్” అనెను. శివునికి తప్పనిది ఆయనకు తప్పినది.

పైపింగు: స్పష్టము.

రెండున్నర ఇంచి: ఇది విచారణీయము. నాలుగు దశల ఇంజను రెండు చుట్లకొకసారి తన కడుపు నింపుకొనును గనుక, పై ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు సుమారు 68 లీటర్ల అదిమిన గాలిని మ్రింగును. రెండించీల గొట్టములో ఆ గాలి వేగము సెకనుకు ఇంచుమించు 34 మీటర్లు. ధ్వనివేగములో పదవ వంతు! ఈ విద్య నెరిగినవారు ధ్వనివేగములో నాలుగు పదవ వంతుల వరకును పరవాలేదందురు. కావున ఈ బండికి రెండించీలే చాలును. మూడు మీటర్ల పొడవున రెండించీల గొట్టము ఆరు లీటర్లు పట్టును. రెండున్నర ఇంచీలది తొమ్మిదిన్నర. ఇంజను పరిమాణమునకు రెండున్నర రెట్ల గాలి అదనముగా అదిమిన పిమ్మటగాని డ్రైవరు పాదము మాట చెల్లదన్నమాట. ఈ లెక్కను చీటీ వెనుక వేసి చూపితిని. మేస్త్రీ చూడలేదు. నా మేనల్లుడు మాత్రము చూచి, “అది కరెక్టే మామయ్యా, కానీ రెండించీలది బానెట్ ఎత్తితే చిన్నగా కనపడుతుంది” అన్నాడు. ఇచట ప్రయోజనము గాలికి కాదు, బానెట్ ఎత్తి చూచువారికి అని గ్రహించునది.

ఆరు బెండ్లు: బెండు శబ్దము ఇంగ్లీషున వంపునకు పేరు. కాని తెలుగువాడు ఈ అర్థముతో తృప్తిపడజాలడు. మన భాషలో బెండు అచ్చమైన దేశ్యము. జీలుగు మొదలగువాని కాడలలోని తేలికైన తెల్లని గుజ్జుకు పేరు. చేతబట్టినచో చేతిలో ఏమియు లేనట్లుండును. గోటితో నొక్కినచో గాటు పడును. కత్తి పదునైనదైనచో వెన్నవలె తెగును. దానితో పూవులు చేయుదురు, బొమ్మలు చేయుదురు. కృష్ణ కాలువ గట్టున పెరిగిన మా తరమువారికి బెండనగా మొట్టమొదట ఈతబెండ్లే జ్ఞప్తికి వచ్చును. నా ఎనిమిదవ యేట మా నాయనగారు ఎండిన మునగకొయ్యలను రెంటిని త్రాటితో జతచేసి, నా వీపునకు బిగించి, ఆ ముడిని రెండుమారులు లాగి చూచి, లాకుల దిగువను నీటిలోనికి దింపినారు. త్రాడు చంకలలో ఒరసికొనుట, తడిసిన కొయ్య వాసన, కాళ్లక్రింద నేల తప్పిపోయిన ఆ క్షణమున వీపుమీద ఏదో పైకెత్తుచున్నదను ధైర్యము, ఇవి నేటికిని మరపునకు రావు. నెలదినముల పిదప ఒకనాడు నాకు తెలియకుండగనే ఆయన ఒక బెండును తీసివేసినారట. నేను ఒరిగి ఒరిగి ఈదుచునే ఆవలి గట్టు చేరితిని. రెండవ బెండును ఎప్పుడు విప్పినారో ఆయన ఎన్నడును చెప్పలేదు, నేను అడుగలేదు. ఆ ముడిని రెండుమారులు లాగి చూచిన చేతులు మాత్రము, ఎవరైన ఏ పనినైన “అయిపోయింది సార్” అనినప్పుడెల్ల నాకు కన్నులయెదుట నిలుచును.

ఏమి చెప్పుచుంటిని? వంపులు. గొట్టమును వంచునప్పుడు లోపల ఏ ఆధారమును లేనిచో వంపులోపలి గోడ చొట్టపడి దారి ఇరుకగును. అందులకే లోన ఉక్కుగుండును నిలిపి వంచుట ఉత్తమము. మాండ్రెల్ వంపు అనునది అదియే. అది లేనినాడు మన కమ్మరులు గొట్టమునిండ పొడి ఇసుకను దట్టించి, రెండు కొనలను బిరడాలతో బిగించి, కాచి వంచువారు. వాయువును నమ్ముకొన్న గొట్టమునకు వాయువు లేని కాలమున ఇసుకయే ప్రాణము. మా గొట్టములకు అదియు లేదు. మూడవ వంపు లోపల వ్రేలు పెట్టి చూచితిని. గుండ్రముగా ఉండవలసినచోట తాటియాకువలె మడత తగిలినది. ఒక్కొక్క బెండునకు వేరుగా కూలి. బెండ్లు పెండ్లులైనవి. ఈ సందర్భమున ‘బెండు తీయుట’ అను జాతీయమును గూడ స్మరింపవలెను. అందు కర్త మేస్త్రీ, కర్మ నేను.

సిలికాన్ హోసు, క్లాంపులు: ఇంజను తన దిమ్మలమీద ఊగుచుండును, ఇంటర్‌కూలరు బండి చట్రమును అంటి కదలకుండును. కదలుదానికిని కదలనిదానికిని చుట్టరికము కలుపవలెనన్నచో నడుమ మెత్తని సంబంధి యుండవలెను. ఆ సంబంధియే హోసు. అయితే నున్నని గొట్టముమీద హోసు నిలువదు. గొట్టపు అంచున చుట్టును ఒక గట్టు ఉబ్బించి, దానికి ఇవతల క్లాంపు బిగింపవలెను. మా గొట్టములకు గట్టు లేదు. అడుగగా మేస్త్రీ సెలవిచ్చినది: “క్లాంప్ టైట్ కొట్టినం సార్, ఏం కాదు.” నాలుగవ దినమున ఔటర్ రింగ్ రోడ్డుమీద మేనల్లుడు కాలుమోపి అదిమినప్పుడు బానెట్ క్రింద టపాకాయ పేలినట్లు చప్పుడై, హోసు ఊడి, బండి ఉబ్బసపురోగివలె ఎగరోజుచు ప్రక్కకు చేరినది. భగీరథుని వెంట వచ్చుచున్న గంగను జహ్నువు త్రావివేసినట్లే యని నేను పోల్చబోగా, అర్ధరాత్రి రోడ్డు ప్రక్కను స్క్రూడ్రైవరుతో కూర్చున్న వాడు, “మామయ్యా, ముందు టార్చి పట్టుకో” అన్నాడు. ఆ హోసు కొనను తుడిచి చూచితిని. లోపల నూనె జిడ్డు. అది ఇంజను ఆవిరితో వచ్చు కొద్దిపాటి జిడ్డే, దోషము కాదు. కాని బిగించుటకు ముందు ఒక్కమారు గుడ్డతో తుడిచియుండరాదా? సబ్బునీరు రాచి, గాలి నింపి, బుడగలు వచ్చునేమోనని పది నిమిషములు చూచియుండరాదా? ముడిని లాగి చూచుట యనగా అంతే గదా.

రేస్ స్పెక్: వ్యర్థపదము. పాదపూరణార్థము.

ఫ్రంట్ మౌంటు: దీనిని మూలక్రమమున వివరింపక వెనుకకు ఉంచుకొంటిని, ఏలయన ఇచట నాకు అలంకారములు తోచుట లేదు. ముందు బంపరు వెనుక ఒక దూలము ఉండును. ఎదుటివాడు వచ్చి గ్రుద్దినప్పుడు మొదటి దెబ్బను తినవలసినది అది. వీరు తెచ్చిన ఇంటర్‌కూలరు ఆ చోటున పట్టలేదు. ముందే కొలిచియుండినచో రెండంగుళములు పలుచనిది దొరికెడిది, లేదా క్రిందికి దించి తగిలించుటకు వీలుండెడిది. కొలువలేదు గనుక ఆ దూలమును నడుమను జానెడు మేర కోసివేసినారు. నాకు చెప్పలేదు. వానికి చెప్పలేదు. చీటీలో వ్రాయలేదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ఈ పని దానికి ఎంత దగ్గరగా పోయినదో వకీళ్లు తేల్చుకొందురుగాక. ఆ బండిలో ముందు సీటున కూర్చుండువాడు నా అక్కకొడుకు.

వర్కు చూసి రేటు: వర్కును మేము చూచితిమి, రేటును వారు చూచినారు అని అన్వయము. కోసిన ముక్క ఏదని నిలదీసితిని, మరల అతికించుటకైన పనికివచ్చునేమోనని. “అది పాత ఇనుమోనికి ఏసినం సార్” అని మేస్త్రీ నిష్కల్మషముగా పలికెను. ఎంత వచ్చినదని అడిగితిని. తలగోకికొనెను. చీటీని ముందు వెనుకలుగా తిరుగవేసి చూచితిని. వెనుక ప్రక్కను నా లెక్కయే యున్నది, ఆ ఇనుప పైకము ఎచ్చటను జమ కాలేదు.