ప్రత్తిపాడు టెన్నిస్ మిత్రులకు అభినందన

మన ఊళ్లో టెన్నిస్ మాట్లాడేవాళ్లను ఎవరైనా మెచ్చుకోగా నేను వినలేదు. క్రికెట్ మాట్లాడేవాళ్లకు దక్కే గౌరవంలో పావు వంతు కూడా వాళ్లకు దక్కదు. ఆ లోటు తీర్చాలనే ఇది రాస్తున్నాను. ఇందులో ప్రతి పొగడ్తా మనస్ఫూర్తిగా చేస్తున్నదే. వాళ్లలో నాతో బడికొచ్చినవాళ్లున్నారు, వరసకు బావలున్నారు, వాళ్ల పక్కన కూర్చుని టీ తాగిన సాయంత్రాలంటే నాకు ఇష్టం.

ముందు వాళ్ల శ్రద్ధ గురించి చెప్పాలి. టెన్నిస్ సీజన్ జనవరిలో మొదలై నవంబరు దాకా నడుస్తుంది. ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి మ్యాచ్‌లు మనకు తెల్లవారి ఐదున్నరకే మొదలవుతాయి. అవి మిరప కోతల రోజులు. కూలీలను పిలుచుకోవాలి, కల్లంలో కాయ ఎండబెట్టాలి. వింబుల్డన్ వచ్చేసరికి నల్లరేగడిలో పత్తి గింజ వేసే పని ఉంటుంది. యూఎస్ ఓపెన్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది, అక్కడి రాత్రి మ్యాచ్‌లు మనకు తెల్లవారి నాలుగున్నరకు. అవి మిరప నాట్ల రోజులు. ఇన్ని పనుల మధ్య నిద్ర మానుకుని, ఎవడు ఫామ్‌లో ఉన్నాడో, ఎవడికి క్లే కోర్టు అచ్చిరాదో, ఎవడి డ్రా కష్టంగా పడిందో లెక్క కట్టేవాళ్లు ఈ పత్తి, మిరప చేల నడుమ ఉన్నారంటే అది చిన్న సంగతి కాదు.

ఒక సాయంత్రం మా బావ కల్లంలో ఒక అమ్మాయి మ్యాచ్ స్కోరు చూస్తుంటే పక్కన నిలబడ్డాను. మ్యాచ్ ప్రసారం లేదు. ఫోను తెర మీద బంతి లేదు, మనిషి లేడు, అంకెలు మాత్రం మారుతున్నాయి. మిరప ఘాటు అంటిన వేళ్లు కంటికి తగలకుండా మోచేత్తో చెమట తుడుచుకుంటూ, 30-40 అని పడగానే ఊపిరి బిగబట్టాడు. అంకె మారింది. "సెకండ్ సర్వ్ మెత్తగా ఏసుంటది, చూస్కో" అన్నాడు. తర్వాత హైలైట్స్‌లో చూస్తే అలాగే వేసింది. బంతిని చూడకుండానే సర్వ్ ఎలా పడిందో చెప్పగల మనిషిని మెచ్చుకోకుండా ఎలా ఉంటాను?

మిత్రులారా, మీ జ్ఞాపకశక్తి ఇంకా గొప్పది. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండులో సానియా మీర్జా సెరీనా విలియమ్స్ చేతిలో ఎంతకు ఓడింది? 6-1, 6-4. అదే ఏడు యూఎస్ ఓపెన్ నాలుగో రౌండులో షరపోవా చేతిలో? 6-2, 6-1. అడిగిన మరుక్షణం జవాబు వస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండులోనే మ్యాచ్ మధ్యలో తప్పుకుందని, 2016 రియోలో బోపన్నతో కలిసి కాంస్యం దాకా వెళ్లి చేజార్చుకుందని, ప్రత్యర్థుల పేర్లతో సహా అప్పజెబుతారు. ఒక్క ఓటమి కూడా మీ చేతుల్లోంచి జారిపోలేదు. మీ మనసు వాటితో ఎంత నిండిపోయిందంటే గెలుపులకు అక్కడ చోటు మిగల్లేదు. ఆ 2005లోనే ఫిబ్రవరిలో, హైదరాబాదులో సొంత మనుషుల ముందు, ఆమె డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. అలాంటి టైటిల్ గెలిచిన భారతీయ స్త్రీ ఈనాటికీ ఆమె ఒక్కతే. తర్వాతి నెలలో దుబాయ్‌లో కుజ్నెత్సోవాను వరస సెట్లలో ఓడించింది. కుజ్నెత్సోవా అప్పుడు యూఎస్ ఓపెన్ చాంపియన్. షరపోవా చేతిలో ఓడిన ఆ టోర్నీలోనే అంతకు ముందు రౌండులో సానియా చేతిలో ఓడింది మరియన్ బర్తోలీ, 2013లో వింబుల్డన్ గెలిచిన మనిషి. ఇవి నేను చెప్పినప్పుడల్లా మీరు కొత్తగా విన్నట్టు వింటారు. ఆ కుతూహలాన్ని కూడా మెచ్చుకుంటున్నాను.

మనిషి శరీరం గురించి మీకున్న అవగాహన చూస్తే నాకు ఆశ్చర్యం. 2024 జూన్‌లో జకోవిచ్ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు సెంటర్లో మీరు మాట్లాడుకున్న మాటలు నాకు గుర్తున్నాయి. మెనిస్కస్ అంటే ఏమిటో, అది చిరిగితే పక్కకు జరిగేటప్పుడు ఎందుకు నొప్పి పుడుతుందో, ఎన్ని వారాలు విశ్రాంతి కావాలో ఒకరికొకరు విడమరిచి చెప్పుకున్నారు. జూలైలో అతను వింబుల్డన్ ఫైనల్‌కు వచ్చి ఓడితే, "పాపం, మోకాలు ఇంకా కుదురుకోలా" అన్నారు. సెర్బియా మనిషి మోకాలి మీద ప్రత్తిపాడులో ఇంత దయ! 2008లో సానియా మణికట్టుకు ఆపరేషన్ జరిగింది. ఆమె ఆట అంతా ఫోర్‌హ్యాండ్ మీద నిలబడ్డ ఆట. ఆ దెబ్బకు పదును అక్కడే ముందు పోతుంది. అప్పుడు మీరు మణికట్టు గురించి మాట్లాడలేదు. ఆమె చేసే యాడ్ల గురించి, వేసుకునే బట్టల గురించి మాట్లాడారు. యాడ్లు ఎక్కువై ఆట తగ్గిందని తేల్చారు. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరిన అమ్మాయి ఒక్కసారిగా ఎందుకు కిందికి జారిందో, యాడ్లను మించిన కారణం వెతికే పని మీరు పెట్టుకోలేదు.

ఇక్కడ మన చేల మాట ఒకటి చెప్పాలి. 2021లో నల్ల తామర పురుగు వచ్చింది. మిరప పూతలోకి దూరి, పూత పూతంతా రాల్చేసింది. ఏ మందుకూ లొంగలేదు. చేలకు చేలు దున్నేసుకున్నారు. ఆ ఏడు దిగుబడి రాని రైతును మీలో ఒక్కరు కూడా సోమరి అనలేదు. వాడికి సినిమాల పిచ్చి పట్టిందని అనలేదు. గట్టున నిలబడి ఆకు తిప్పి చూసి, పూత విప్పి పురుగును చూపించి, "వాడేం చేస్తాడు, వాడి తప్పు కాదు" అన్నారు. దిగుబడి పడిపోయిందంటే దాని వెనక కంటికి కనపడని కారణం ఉంటుందని మీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివి మీ దగ్గర ఉందనే నా అభిమానం.

మీ కొలబద్ద కూడా చాలా ఎత్తు. సింగిల్స్ తప్ప ఇంకేదీ దానికి అందదు. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ 1 అయింది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. మార్టినా హింగిస్‌తో జతకట్టి ఆ ఏడు వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. వరసగా 41 మ్యాచ్‌లు ఈ జంట ఓడలేదు. అంతకు ముందే మిక్స్‌డ్ డబుల్స్‌లో మరో మూడు గ్రాండ్‌స్లామ్‌లు. దీనికి మీ జవాబు రెండు మాటలు: "డబుల్సే కదా." నెట్ దగ్గర నిలబడి, మీద మీదకొచ్చే బంతిని రాకెట్ తిప్పే వ్యవధి కూడా లేకుండా ఆపడం, వీపు వెనక వేళ్లతో సైగ చేసుకుని జతగత్తె ఎటు కదులుతుందో ముందే పట్టుకోవడం, అవతల ఇద్దరి మధ్య ఉన్న జానెడు సందులోకి రిటర్న్ కొట్టడం, ఇవన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడ్చారు. ఇంత క్లుప్తంగా మాట్లాడటం నాకు చేతకాదు.

ర్యాంకుల్లోనూ మీ చూపు చురుకు. సోమవారం జాబితా మారగానే ఎవరు ఎన్ని మెట్లు దిగారో చెప్పేస్తారు. ఒక టోర్నీలో సంపాదించిన పాయింట్లు 52 వారాలు ఉండి రాలిపోతాయి. నిరుడు ఇదే వారం ఫైనల్ ఆడిన మనిషి ఈసారి గాయంతో ఇంట్లో ఉంటే, ఆ పాయింట్లన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. ఆటలో ఏమీ మారకపోయినా అంకె పడుతుంది. ఆల్కరాజ్‌కో సిన్నర్‌కో అయితే ఈ లెక్క మీరే ఓపిగ్గా విప్పి చెబుతారు. మన పిల్లలకు మాత్రం "ఫామ్ పోయింది మావా" అని ముగిస్తారు.

దేశం మీద మీ ప్రేమను నేను ఎన్నడూ శంకించలేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం సానియాను రాష్ట్రానికి బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టినప్పుడు, ఒక నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలన్నాడు. ఆ వారమంతా మన సెంటర్లో చర్చ ఆ కోడలరికం మీదే వేడిగా సాగింది. సెప్టెంబరులో ఆమె యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిచింది. అదే నెల చివర్లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన జెండా పైకెళ్లేలా స్వర్ణం గెలిచింది. ఆ రోజు పక్కన నిలబడి ఆడిన కుర్రాడు మైనేని సాకేత్. కృష్ణ దాటి కాస్త ముందుకెళ్తే ఉయ్యూరు, అతను పుట్టింది అక్కడే. ఒక తెలుగు జంటకు ఆసియా స్వర్ణం. ఆ సంగతి మీద మన టీ కొట్టులో చర్చ సాగినట్టు నాకు గుర్తులేదు. కోడలరికం ఎంత పెద్ద విషయమో, దాని పక్కన స్వర్ణం ఎంత చిన్నదైపోయిందో ఆ రోజు మీవల్లే తెలుసుకున్నాను.

మీ ముందుచూపుకూ జోహార్లు చెప్పాలి. సానియా పనైపోయిందని మీరు 2008లోనే అన్నారు. 2018 అక్టోబరులో బిడ్డను కన్నప్పుడు మళ్లీ అన్నారు. 2020 జనవరిలో ఆమె తిరిగొచ్చి, ఆడిన మొదటి టోర్నీ హోబార్ట్‌లోనే డబుల్స్ టైటిల్ గెలిచినప్పుడు కాసేపు ఆగారు. చివరికి 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆమె ఆట ముగించింది. మీ మాట నిజమైంది. ఓపిక పట్టినవాళ్లకు అలాగే అవుతుంది. కాకపోతే మీ మొదటి జోస్యానికీ ఆ రోజుకూ మధ్యలో ఆరు గ్రాండ్‌స్లామ్‌లు పడ్డాయి.

నాదల్ ఎడమ పాదం నొప్పి చరిత్ర మొత్తం మీకు తెలుసు. ఆ నాదల్ 2010లో మన అనంతపురం వచ్చి, పేద పిల్లల కోసం తన ఫౌండేషన్ టెన్నిస్ బడి తెరిచి వెళ్లాడని చెబితే, మీలో ఇద్దరు ముగ్గురు నమ్మలేదు. మీకు తెలిసిన టెన్నిస్ మెల్‌బోర్న్ నుంచి న్యూయార్క్ దాకా పరుచుకుని ఉంది. అంత దూరం చూసే కంటికి అనంతపురం ఆనకపోవడం సహజమే.

ఆ కంటికి ఆననివాళ్లు ఇంకా ఉన్నారు. రిత్విక్ చౌదరి బొల్లిపల్లి హైదరాబాదు కుర్రాడు. 2024 అక్టోబరులో అర్జున్ కాధేతో కలిసి అల్మాటీలో ఏటీపీ డబుల్స్ టైటిల్ గెలిచాడు. 2025 మార్చిలో కొలంబియా ఆటగాడు బారియెంటోస్‌తో కలిసి చిలీలో ఇంకొకటి గెలిచాడు. సహజ యమలపల్లి కూడా హైదరాబాదు అమ్మాయే. అమెరికాలో కాలేజీ టెన్నిస్ ఆడి, సింగిల్స్‌లో దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. ఇలాంటివాళ్లు మెట్టు మెట్టుగా ఎక్కివచ్చే టోర్నీల్లో కింది మెట్టుకు 15 వేల డాలర్ల టోర్నీ అని పేరు. ఆ సొమ్ము ఒక్కరికొచ్చేది కాదు, టోర్నీ మొత్తంలో అందరికీ కలిపి పంచేది. విమానం టిక్కెట్టు, బస, రాకెట్ తీగలు అన్నీ ఎవరి డబ్బుతో వాళ్లే చూసుకోవాలి. గ్యాలరీలో వాళ్ల అమ్మో నాన్నో ఉంటారు, ఒక్కోసారి వాళ్లూ ఉండరు. వాళ్ల సీజన్ కూడా జనవరిలోనే మొదలై డిసెంబరు దాకా నడుస్తుంది.

ఆ మ్యాచ్‌ల స్కోరు కూడా మా బావ ఫోనులో వస్తుంది. అంకెలు అలాగే మారుతుంటాయి. 30-40 అని పడుతుంది, ఊపిరి బిగబట్టాల్సిన చోటు అదే. ఈ సీజన్‌లో ఒక్క సాయంత్రం, కల్లంలో కాయ కప్పేసి వచ్చాక, సహజ మ్యాచ్ తెరవండి. ఆ అమ్మాయి సెకండ్ సర్వ్ మెత్తగా వేసిందని మీరు తిట్టినా సరే, నేను పక్కనే కూర్చుని వింటాను.